ఇర్వింగ్‌లో బాక్సింగ్ గ్రూప్ క్లాసులో చేరాలని ఉంది, కాస్త చెప్పండి

ప్రశ్న (ఇర్వింగ్, టెక్సాస్)

అందరికీ నమస్కారం. మావారి ఉద్యోగం వల్ల ఈమధ్యే హెచ్-4 (హెచ్-1 ఉద్యోగి భార్యకో భర్తకో ఇచ్చే వీసా) మీద ఇక్కడికి వచ్చాను. పగలంతా ఇంట్లోనే ఉంటున్నాను, తెలిసినవాళ్ళు ఎవరూ లేరు. మా అపార్ట్‌మెంట్‌కి దగ్గర్లో బాక్సింగ్ గ్రూప్ క్లాసులు నడుస్తున్నాయి, మొదటి క్లాసు ఉచితమట. నడక తప్ప వేరే వ్యాయామం అలవాటు లేదు. అక్కడ ఎదుటివాళ్ళు మనల్ని కొడతారా? ఏమేం కొనుక్కోవాలి? నలుగురు పరిచయం అవుతారా?

జవాబు (ప్లేనో)

ఫిట్‌నెస్ క్లాసులో ఎవరూ ఎవరినీ కొట్టరండీ. వేలాడే బ్యాగును కొడతారు, లేదంటే ఇద్దరిద్దరుగా నిలబడి ఒకరు ప్యాడ్లు (పంచ్‌లు అందుకోవడానికి చేతులకు తొడుక్కునే మెత్తటి దిండ్లు) పడితే రెండోవాళ్ళు వాటిని కొడతారు. మనిషి మీద పంచ్ వేసేది స్పారింగ్‌లో. దానికి వేరే టైము ఉంటుంది, మౌత్‌గార్డ్, హెడ్‌గేర్ కావాలి, కోచ్ ఒప్పుకోవాలి. మీరు అడగకుండా మిమ్మల్ని అందులోకి దింపరు.

పరిచయాలు కావాలన్నారు కాబట్టి ముందు క్లాసు రకం చూసుకోండి. నైన్‌రౌండ్ (కిక్‌బాక్సింగ్ జిమ్‌ల చెయిన్) లాంటి చోట్ల 30 నిమిషాల సర్క్యూట్ ఉంటుంది. 9 స్టేషన్లు, ఒక్కోదాని దగ్గర 3 నిమిషాలు. ఎవరు ఎప్పుడొస్తే అప్పుడు మొదలుపెడతారు. స్కూలుకెళ్ళే పిల్లలున్న తల్లులకు అది బాగా కుదురుతుంది. కానీ నిన్న కలిసిన మనిషి ఇవాళ కనపడకపోవచ్చు. మీకు కావలసింది నిర్ణీత టైముకి మొదలై 45 నుంచి 60 నిమిషాలు సాగే క్లాసు, అందులోనూ జంటగా ప్యాడ్లు పట్టించేది. ఫోన్ చేసి మూడు సంగతులు అడగండి: పార్ట్‌నర్ డ్రిల్స్ ఉంటాయా, క్లాసుకి ఎంతమంది వస్తారు, కొత్తవాళ్ళకు ముందుగా స్టాన్స్ (నిలబడే తీరు), పంచ్‌లు చూపిస్తారా. పదిహేను మంది లోపు ఉంటే కోచ్ కన్ను మీ మణికట్టు మీద పడుతుంది. ముప్పై దాటితే పడదు. సిటీ రిక్రియేషన్ సెంటర్లు, వైఎంసీఏ కూడా కనుక్కోండి, చాలాచోట్ల ఫీజు తక్కువ.

క్లాసు మామూలుగా ఇలా నడుస్తుంది. పది, పదిహేను నిమిషాలు వార్మప్: స్కిప్పింగ్, స్క్వాట్లు, గాల్లో పంచ్‌లు. తర్వాత 3 నిమిషాల రౌండ్లు ఆరో ఎనిమిదో, మధ్యలో 1 నిమిషం విరామం. చివర్లో పొట్ట కండరాలకు వ్యాయామం, స్ట్రెచింగ్. కోచ్ పంచ్‌ల పేర్లు చెప్పడు, అంకెలు అరుస్తాడు. 1 జాబ్ (ముందు చేయి), 2 క్రాస్ (వెనక చేయి), 3 ముందు చేతి హుక్ (పక్క నుంచి తిప్పి కొట్టేది), 4 వెనక చేతి హుక్, 5 ముందు చేతి అప్పర్‌కట్ (కింది నుంచి పైకి కొట్టేది), 6 వెనక చేతిది. కుడిచేతి వాటం వాళ్ళు ఎడమ కాలు ముందు పెట్టి నిలబడతారు, ఎడమచేతి వాటం వాళ్ళు కుడి కాలు. ఈ ఆరు అంకెలు వంటింట్లో నిలబడి వల్లె వేసుకుని వెళ్ళండి, మొదటి రోజే సగం తికమక పోతుంది.

జవాబు (ఫ్రిస్కో)

సామాను సంగతి.

హ్యాండ్ రాప్స్ (గ్లోవ్స్ లోపల చేతికి చుట్టుకునే గుడ్డ పట్టీలు): 180 అంగుళాలవి, కొంచెం సాగేవి. చేతులు బాగా చిన్నవైతే 120 చాలు. జెల్ ఉన్న రెడీమేడ్ లోపలి గ్లోవ్స్ తొడుక్కోవడం తేలికే గానీ మణికట్టుకు పట్టు తక్కువ, కనీసం మొదటి రెండు నెలలు గుడ్డవే వాడండి. కట్టే వరస: ఉచ్చు బొటనవేలికి తగిలించి, పట్టీని చేతి వెనక వైపు నుంచి తీసుకెళ్ళాలి. అరచేతి వైపు నుంచి మొదలుపెడితే పిడికిలి బిగించగానే వదులైపోతుంది. మణికట్టు చుట్టూ 3 చుట్లు, కణుపుల మీద 3 చుట్లు, వేళ్ళ సందుల్లోంచి మూడుసార్లు, బొటనవేలి చుట్టూ ఒకసారి, మిగిలింది మళ్ళీ మణికట్టుకు. కట్టేటప్పుడు వేళ్ళు బాగా చాపి ఉంచండి. పిడికిలి మూస్తే బిగువుగా ఉండాలి, తెరిస్తే వేళ్ళ కొసలు తిమ్మిరెక్కకూడదు.

గ్లోవ్స్: 65 కిలోల లోపు వాళ్ళకు 12 ఔన్సులు, ఆపైన 14. స్పారింగ్‌కి 16 అడుగుతారు, మీకు ఇప్పుడు అక్కర్లేదు. 40–70 డాలర్లలో మంచివే దొరుకుతాయి. రాప్స్ కట్టుకున్న చేతితోనే సైజు చూసుకోండి. జిమ్‌లో అద్దెకిచ్చే గ్లోవ్స్ ఉచిత క్లాసు వరకే, అదీ రాప్స్ మీద. తడి గ్లోవ్స్ పదిమంది వాడితే తామర అంటుకోవడం మామూలే. మీవి ఇంటికి రాగానే బ్యాగులోంచి తీసి, వాటి మూతి తెరిచి ఫ్యాను కింద పెట్టండి. కారు డిక్కీలో వదిలేస్తే టెక్సాస్ ఎండకు వారంలో కంపు పడతాయి. రాప్స్ ప్రతి క్లాసు తర్వాత ఉతకాలి, జల్లెడ సంచిలో వేసి మెషీన్‌లో పడెయ్యండి, లేకపోతే మిగతా బట్టలకు చుట్టుకుంటాయి.

దెబ్బలు తగిలేది ఎక్కువగా ఇందువల్ల: పిడికిలిలో బొటనవేలు లోపల పెట్టడం (బయట, చూపుడువేలు, మధ్యవేలి మీద అడ్డంగా ఉండాలి), చిటికెనవేలి వైపు కణుపులతో కొట్టడం. చూపుడువేలు, మధ్యవేలి కణుపులే బ్యాగుకి తగలాలి, వాటి వెనక ముంజేతి ఎముక నేరుగా ఉంటుంది. చిటికెనవేలి వెనక ఉన్న అరచేతి ఎముక సన్నది. అక్కడ విరిగితే దానికి బాక్సర్స్ ఫ్రాక్చర్ అనే పేరే ఉంది. హుక్ వేసేటప్పుడు మణికట్టు లోపలికి మడిస్తే బెణుకుతుంది. బ్యాగు మన మీదికి ఊగి వస్తుంటే ఎదురు కొట్టకండి, పక్కకు అడుగేసి అది ఆగాక కొట్టండి. క్రాస్ వేసేటప్పుడు వెనక మడమ లేచి పాదం తిరగాలి. మెత్తటి రన్నింగ్ షూస్ నేలను పట్టేస్తాయి, పాదం తిరగక ఆ మెలి అంతా మోకాలికి పోతుంది. అడుగు చదునుగా ఉన్న ట్రైనింగ్ షూస్ వేసుకోండి.

జవాబు (ఇర్వింగ్)

అమ్మా, పై ఇద్దరూ చెప్పినవి చేస్తే ఒళ్ళు కుదురుతుంది. స్నేహం కుదిరేది మాత్రం ప్యాడ్లు పట్టడం దగ్గర. బాగా కొట్టేవాళ్ళు క్లాసునిండా ఉంటారు. బాగా పట్టేవాళ్ళు కొద్దిమందే, వాళ్ళ కోసం మిగతావాళ్ళు వెతుక్కుంటారు. ఇంగ్లీషు యాసకు దడుసుకోనక్కర్లేదు కూడా, అక్కడ నడిచే మాటలు ఆరు అంకెలు, "గుడ్", "అగైన్".

పట్టే పద్ధతి: ఒక కాలు ముందు, ఒకటి వెనక, మోచేతులు కొద్దిగా వంచి. ప్యాడ్లు మీ భుజాల ఎత్తులో, మొహానికి కాస్త ముందు, రెంటి మధ్య మొహం వెడల్పుకి మించకూడదు. వాళ్ళ ఎడమ చేతి పంచ్‌ను ఎదురుగా ఉన్న మీ కుడి ప్యాడ్‌తో అందుకోవాలి, కుడి చేతిదాన్ని ఎడమ ప్యాడ్‌తో. పంచ్ తగిలే క్షణంలో ప్యాడ్‌ను రెండు మూడు అంగుళాలు ముందుకు ఆనించండి. వదులుగా పడితే మీ భుజం వెనక్కి లాక్కుపోతుంది. ముందుకు ఎగబడి చప్పట్లు కొట్టినట్టు కొడితే వాళ్ళ మోచేయి దెబ్బతింటుంది. హుక్‌కి ప్యాడ్ లోపలికి తిప్పి గడ్డం ఎత్తులో, అప్పర్‌కట్‌కి ప్యాడ్ కిందికి చూసేలా ఛాతీ ఎత్తులో. భయమేసి మొహం పక్కకు తిప్పకండి, చూపు వాళ్ళ భుజాల మీద ఉంచండి. పంచ్ వచ్చేది అక్కడే ముందు తెలుస్తుంది. మూడో నిమిషంలో వాళ్ళ చేతులు జారిపోతుంటాయి. అప్పుడు "హ్యాండ్స్ అప్, టెన్ మోర్" అని లెక్కపెట్టండి. అవతలి మనిషి ఆగిపోదామనుకున్న చోట పది పంచ్‌లు ఎక్కువ వేయించారంటే ఆ మనిషికి మీరు గుర్తుండిపోతారు. పార్టీల్లో నెలల తరబడి పలకరించుకున్నా రాని చనువు ఇక్కడ వస్తుంది.

దీనికి తోడు రెండు పనులు. వారంలో ఒకే రోజులు, ఒకే టైము పట్టుకోండి, మంగళ, గురువారాలు ఉదయం తొమ్మిదిన్నర అనుకుంటే అదే. మనుషులు తమ స్లాట్ మార్చరు. మీరు మారుస్తూ పోతే ప్రతిసారీ కొత్తవాళ్ళే. పది నిమిషాలు ముందు వెళ్ళండి: "కెన్ యూ చెక్ మై రాప్స్?" అని అడిగితే కాదనేవాళ్ళుండరు, పేరు అడగడానికి అదే సందు. పార్ట్‌నర్లను పంచుకోమన్నప్పుడు మన ఇండియన్ల పక్కకే చేరకుండా, రెండు క్లాసులకొకసారి కొత్తవాళ్ళతో నిలబడండి. మీ ఊళ్ళో బాక్సింగ్ ఉందా అని ఎవరైనా అడిగితే నిజామాబాద్ పేరు చెప్పండి. ఆ ఊరి బాక్సర్ నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ ఛాంపియన్ అయింది. కామన్వెల్త్ క్రీడల్లో 2018లోనూ 2022లోనూ కాంస్యం గెలిచిన హుసాముద్దీన్‌దీ ఆ ఊరే.

మళ్ళీ అడిగినవారు

చాలా థాంక్స్ అండీ. ఇంకో నాలుగు సందేహాలు. నల్లపూసలు, మెట్టెలు తియ్యాలా? శనివారం ఉపవాసం ఉంటాను, ఆ రోజు వెళ్ళొచ్చా? అక్కడ "సిక్స్ వీక్ ఛాలెంజ్" అని చేర్పిస్తున్నారు, చేరనా? ఫ్రంట్ డెస్క్‌లో వారానికి కొన్ని గంటలు కూర్చుంటే మెంబర్‌షిప్ ఉచితం అంటున్నారు, మంచిదేనా?

జవాబు (ఫ్రిస్కో)

ఉంగరాలు, గాజులు తప్పక తీసెయ్యండి, రాప్ కింద ఉంగరం ఉంటే వేలు వాచినప్పుడు ఉంగరాన్ని కోసి తియ్యాల్సి వస్తుంది. గొలుసు తీయడం ఇష్టం లేకపోతే పొట్టి నల్లపూసలు వేసుకుని టీషర్టు లోపల టేపు అంటించండి. పొడుగు గొలుసు స్కిప్పింగ్‌లో ఎగిరి పళ్ళకు కొడుతుంది. షూస్‌తో చేసే క్లాసులో మెట్టెలకు ఇబ్బంది లేదు. కిక్‌బాక్సింగ్ చాలాచోట్ల ఉత్త కాళ్ళతో చేస్తారు, అక్కడైతే తీయాలి. జడ ముడి వేసుకోండి.

ఉపవాసం రోజు ఈ క్లాసు వద్దు. మామూలు రోజుల్లో అన్నం తిన్నాక మూడు గంటలు ఆగండి. గంట ముందైతే అరటిపండో రెండు ఇడ్లీలో చాలు. బీపీ, షుగరు, గుండె జబ్బు ఉన్నా, ఈమధ్యే కాన్పు అయినా డాక్టర్‌ని అడిగాకే. మొదటి మూడు వారాలు వారానికి రెండే క్లాసులు, మధ్య కనీసం ఒక రోజు ఖాళీ. భుజాలు, పిక్కలు రెండో రోజు ఎక్కువ నొప్పిపెడతాయి, అది సహజం. మూత్రం టీ డికాషన్ రంగులో వస్తే మాత్రం అదే రోజు ఆస్పత్రికి వెళ్ళండి. అలవాటు లేని ఒంటితో ఒక్కసారిగా చేస్తే కండరం కరిగి కిడ్నీల మీద పడే ప్రమాదం ఉంది. ఇక బెణుకు, వాపులకు ఎమర్జెన్సీ రూముకి కాకుండా మీ ఇన్సూరెన్స్ నెట్‌వర్క్‌లో ఉన్న అర్జెంట్ కేర్‌కి వెళ్తే చాలు, ఎక్కువచోట్ల ఎక్స్‌రే అక్కడే తీస్తారు.

జవాబు (ప్లేనో)

ఛాలెంజ్ రెండు రకాలు. ఇన్ని క్లాసులకు రావాలి, జట్టుగా ఇన్ని రౌండ్లు పూర్తిచెయ్యాలి అని హాజరు లెక్కపెట్టేవైతే హాయిగా చేరండి, జట్టు వాళ్ళ వాట్సాప్ గ్రూపు ఆరు వారాల తర్వాత కూడా నిలుస్తుంది. బరువు లెక్కపెట్టేవి, ముందు డబ్బు కట్టించుకుని ఇన్ని పౌండ్లు తగ్గితేనే తిరిగిస్తామనేవి వద్దు. నీళ్ళు మానేసి తూకానికి వచ్చే జనం మధ్య స్నేహం పెరగదు. పైగా ఒక్క క్లాసు తప్పినా డబ్బు ఇవ్వం అనే షరతు చిన్న అక్షరాల్లో ఉండొచ్చు. వాళ్ళిచ్చే డైట్ చార్టు చికెన్ చుట్టూ తిరుగుతుంటే శాకాహారానికి మార్చివ్వమని అడగండి: పప్పు, పెరుగు, పనీర్, టోఫు.

కాంట్రాక్టు మీద సంతకం పెట్టేముందు ఏడాదిదా నెలనెలాదా, ఆపాలంటే ఎన్ని రోజుల నోటీసు, ఇండియా వెళ్ళినప్పుడు ఫ్రీజ్ చేస్తారా, దానికి ఎంత, ఇవి రాతలో తీసుకోండి. టెక్సాస్ చట్టం ప్రకారం సంతకం చేసిన మూడు పనిదినాల్లోపు రద్దు చేసుకునే హక్కు ఉంది. వద్దనుకుంటే నోటిమాటగా చెప్పి ఊరుకోకండి, రాతపూర్వకంగా పంపి కాపీ ఉంచుకోండి.

జవాబు (ఇర్వింగ్)

ఫ్రంట్ డెస్క్ సంగతి, ఇది అన్నిటికన్నా ముఖ్యం. డబ్బు ఇవ్వకపోయినా, పనికి బదులు మెంబర్‌షిప్ ఇస్తే అది జీతం కిందికే వస్తుంది. ఈఏడీ (పనిచేసే అనుమతి కార్డు) లేని హెచ్-4 మీద అలాంటి పని చెయ్యకూడదు, ఎఫ్-1 (విద్యార్థి వీసా) వాళ్ళకు కూడా ఇదే ఇబ్బంది. రేపు గ్రీన్‌కార్డు దగ్గర అడ్డం పడొచ్చు. మర్యాదగా "మై వీసా డజంట్ అలౌ ఇట్" అని చెప్పండి, వాళ్ళు ఏమీ అనుకోరు. ఫీజు భారమైతే వారానికి రెండు క్లాసుల ప్యాక్ ఉందేమో అడగండి, చాలాచోట్ల బోర్డు మీద రాయకపోయినా అడిగితే ఇస్తారు.