మేనరికం సంబంధం: పెద్దమ్మ కొడుక్కి పుట్టుకతో వినపడదు. చెల్లికి ఏ పరీక్షలు చేయించాలి?

లంకఅబ్బాయి (ముమ్మిడివరం దగ్గర)

అనుభవం ఉన్నవాళ్ళు చెప్తారని రాస్తున్నానండి. మా చెల్లిని మా మేనమామ కొడుక్కి ఇద్దామనుకుంటున్నారు. ఇద్దరికీ చిన్నప్పట్నుంచీ ఇష్టమే. పిల్ల కళ్ళముందే ఉంటుందని అమ్మ మురిసిపోతోంది. నాకే ఒక భయం పట్టుకుంది.

మా పెద్దమ్మని సొంత మేనమామకి, అంటే మా అమ్మమ్మ తమ్ముడికి ఇచ్చారు. వాళ్ళబ్బాయికి పుట్టుకతోనే వినపడదు, మాట లేదు. ఇప్పుడు 33 ఏళ్ళు. అరుగు మీద కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుడతాడు, మా చుట్టుపక్కల అంత బాగా కుట్టేవాళ్ళు లేరు. పెద్దమ్మ కడుపుతో ఉండి గ్రహణం చూసిందని ఇంట్లో ఇప్పటికీ అంటారు. చెల్లిది బి పాజిటివ్, బావది ఓ పాజిటివ్. గ్రూపులు వేరు కాబట్టి ఫర్వాలేదంటున్నారు. నిజమేనా అండి?

పాలకొల్లు మాస్టారు

ముందు గ్రూపుల సంగతి తేల్చేద్దాం బాబూ. గ్రూపులు ఒకటైనా వేరైనా పుట్టే పిల్లల చెవికీ కంటికీ దానితో పనిలేదు. తల్లి ఆర్‌హెచ్ నెగెటివ్, బిడ్డ పాజిటివ్ అయితే మాత్రం జాగ్రత్త పడాలి, దానికి యాంటీ-డి ఇంజెక్షన్ ఉంది. గ్రహణం మాట ఇక ఎవరూ ఎత్తకుండా చూడండి. ఆ నింద మీ పెద్దమ్మ 33 ఏళ్ళు మోసింది.

మన ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ 46 క్రోమోజోములుంటాయి, 23 జతలు. జతలో ఒకటి అమ్మది, ఒకటి నాన్నది. జన్యువులు వాటి మీదే బారులు తీరి ఉంటాయి కాబట్టి దాదాపు ప్రతి జన్యువుకీ మన దగ్గర రెండు నకళ్ళుంటాయి. చాలా జబ్బుల్లో ఒక నకలు చెడినా రెండోది పని నడిపించేస్తుంది. ఆ మనిషి నిక్షేపంలా ఉంటాడు. అతన్నే క్యారియర్ అంటారు, మన పుస్తకాల్లో వాహకుడు.

పదో తరగతి పిల్లలకి ఇది చింతగింజలతో చూపిస్తాను. అష్టాచెమ్మా గింజని ఒక పక్కే అరగదీస్తాం కదా, దీనికి గింజంతా గచ్చు మీద అరగదీయాలి, తెల్లగా తేలుతుంది. రెండు కొబ్బరి చిప్పలు పెట్టి ఒక్కోదాంట్లో ఒక నల్లగింజ, ఒక తెల్లగింజ వేస్తాను. నల్లది బాగున్న నకలు, తెల్లది చెడిన నకలు. ఒక చిప్ప అమ్మ, ఒక చిప్ప నాన్న. కళ్ళు మూసుకుని రెండిట్లోంచీ ఒక్కోటి తీసి, ఏం వచ్చిందో రాసుకుని, మళ్ళీ ఎక్కడివక్కడ వేసేయాలి. మొన్న 80 సార్లు తీశారు. రెండూ తెల్లవే 23 సార్లు వచ్చాయి. లెక్క ప్రకారం నాలుగో వంతు, 20 రావాలి. మెండెల్ బఠాణీ మొక్కలు పెంచి, లెక్కపెట్టి 1866లో అచ్చువేసింది ఈ లెక్కే. ఒక పిల్లకి వరసగా మూడుసార్లు రెండూ తెల్లవే వచ్చాయి. తప్పు తీసిందని పక్కవాళ్ళు గోల చేస్తే, "గింజలకి ఇందాక ఏం వచ్చిందో తెలీదు కదా" అంది. నేను గంటసేపు చెప్పాల్సింది ఆ పిల్ల ఒక్క ముక్కలో చెప్పేసింది.

మేనరికం కొత్తగా జబ్బేమీ పుట్టించదు. అమ్మమ్మదో తాతయ్యదో ఒకే తెల్లగింజ రెండు దారుల్లో దిగొచ్చి ఒక బిడ్డ దగ్గర కలిసే వీలు పెంచుతుంది. బావామరదళ్ళకి జన్యువుల్లో సగటున ఎనిమిదో వంతు ఉమ్మడి. మేనమామకీ మేనకోడలికీ నాలుగో వంతు.

కోనసీమ67

మాస్టారికి నమస్కారం. మా ఇంట్లో మూడు తరాలుగా మేనరికాలే. నాకు ముగ్గురు పిల్లలు, ఒకరు ఇంజినీరు, ఇద్దరు బీఈడీ చేశారు. ఎవరికీ ఏ లోటూ లేదు. ఇలాంటివి చదివి జనం అనవసరంగా సంబంధాలు వదులుకుంటున్నారు.

పాలకొల్లు మాస్టారు

మీ పిల్లలు చల్లగా ఉండాలండి. చాలా ఇళ్ళల్లో అలాగే ఉంటారు. మామూలుగా నూటికి ఇద్దరు ముగ్గురు పిల్లలు పెద్ద లోపంతో పుడతారు, బావామరదళ్ళ పిల్లల్లో అది సుమారు రెట్టింపు. అంటే నూటికి తొంభై నాలుగు తొంభై అయిదు మంది బాగానే పుడతారు. కానీ ఈ అబ్బాయి ఇంట్లో తెల్లగింజ ఉందని అన్నయ్య రూపంలో ముందే తెలుస్తోంది. మీ ఇంటి లెక్క వీళ్ళకి సరిపోదు.

తణుకు అమ్మ

మాది మేనరికం కాదు. ఒకే కులం, ఊళ్ళు వేరు, ఎంత వెనక్కి వెళ్ళినా చుట్టరికం లేదు. బాబుకి ఏడో నెలలో అరచేతులు సున్నం రాసినట్టు పాలిపోయాయి. రక్తం తక్కువుందని మూడు నెలలు ఐరన్ చుక్కలు రాశారు. నేను రోజూ లెక్కపెట్టి మరీ పోసేదాన్ని. తర్వాత వేరే డాక్టరుగారు మా ముగ్గురికీ హెచ్‌బీ ఏ2 అనే రక్తపరీక్ష రాశారు, తలసీమియా క్యారియర్లని పట్టేది. పెద్దవాళ్ళకి 3.5 శాతం దాటితే క్యారియర్‌ అట. నాది 5.2, మా ఆయనది 4.8. బాబుకి తలసీమియా మేజర్, అంటే రెండు నకళ్ళూ చెడి ఒంట్లో రక్తం సరిగా తయారవ్వని జబ్బు. ఆ జన్యువు 11వ క్రోమోజోము మీద ఉంటుందని, నేను పోసిన ఐరన్ వాడికి మేలు చేయకపోగా ఒంట్లో పేరుకుంటుందని ఆ రోజే తెలిసింది.

ఇప్పుడు వాడికి ఎనిమిదేళ్ళు. ఇరవై రోజులకోసారి రక్తం ఎక్కించడానికి రాజమండ్రి తీసుకెళ్తాం. తెల్లారి అయిదింటి బస్సు, కిటికీ పక్క సీటు వాడిదే. ఎక్కించిన రక్తంలోంచి చేరే ఐరన్ బయటికి పోవడానికి రోజూ మాత్ర, నీళ్ళలో కరగబెట్టి ఇస్తాను. గ్లాసు అడుక్కి దిగింది మళ్ళీ నీళ్ళు పోసి తాగించాలి, లేకపోతే మందు అక్కడే ఉండిపోతుంది.

రెండోసారి కడుపు వచ్చినప్పుడు మా అత్తగారు, "నలుగురిలో ఒకరికే అన్నారుగా, ఆ ఒకరూ వచ్చేశాడు, ఇంక భయంలేదు" అన్నారు. పాపం ఆవిడ ధైర్యం చెప్పడానికే అన్నారు. మాస్టారి క్లాసులో పిల్ల అన్న మాట అప్పుడు నాకు తెలిసుంటే ఆవిడకి అలాగే చెప్పేదాన్ని. పదకొండో వారంలో మాయలోంచి చిన్న ముక్క తీసి పరీక్ష చేశారు. ఫలితం వచ్చేదాకా నాకు అన్నం దిగలేదు. పాప క్యారియర్ మాత్రమే.

లంకఅబ్బాయిగారూ, మీ భయం చెవి గురించే అయినా వాళ్ళిద్దరికీ హెచ్‌బీ ఏ2 కూడా చేయించండి. ఒక ట్యూబు రక్తం, అంతే. ఒక్కరే క్యారియర్ అయితే పిల్లలకి మేజర్ రాదు.

నరసాపురం కొట్టు

అక్కా, మీ మాటలు చదివి ఈ సంగతి కూడా చెప్పాలనిపించింది. మాది వైశ్య కుటుంబం. నాన్నగారికి హెర్నియా ఆపరేషనప్పుడు మత్తులో కండరాలు వదులవడానికి స్కోలిన్ అనే ఇంజెక్షన్ ఇచ్చారు. దాని ప్రభావం మామూలుగా కొద్ది నిమిషాలే ఉంటుంది. నాన్నకి మాత్రం గంటలు గడిచినా సొంతంగా ఊపిరి అందలేదు, మెషీను మీదే ఉంచారు. ఆ మందుని కరిగించే ఎంజైము ఆయనలో పుట్టుకతోనే లేదు. మావాళ్ళలో ఇది మిగతావాళ్ళకంటే చాలా ఎక్కువని, ఎప్పుడో కొద్దిమంది పూర్వీకుల నుంచి పెరిగిన సమూహం లోపలే పెళ్ళిళ్ళు చేసుకుంటూ రావడమే కారణమని హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాల్గొన్న అధ్యయనం ఒకటి 2017లో వచ్చింది. ఇప్పుడు మా ఇంట్లో ఎవరికి ఏ ఆపరేషనైనా మత్తు డాక్టరుకి ముందే చెప్తాం. బయటి సంబంధమే అనుకున్నా రక్తం ఎక్కడో కలుస్తుందండి.

అంబాజీపేట తోట

చెట్టు సంగతి చెప్తాను, మనిషి సంగతికి దగ్గరగానే ఉంటుంది. మా ఊళ్ళోని పరిశోధన స్థానం నుంచి వచ్చిందే గోదావరి గంగ కొబ్బరి రకం. తూర్పు తీరపు పొడుగు చెట్టుకి మన పొట్టిరకం గంగబొండాం పుప్పొడి కట్టి చేసిన సంకరం. మొక్కలు తెచ్చి వేస్తే తోటంతా ఒకే ఈడు పిల్లల్లా పెరిగింది, నాలుగో ఏడే గెల తీసింది. అంత బాగుంటే మళ్ళీ కొనడం ఎందుకని ఆ చెట్ల కాయలే 40 ఏరి నారు పోశాను. పదేళ్ళయింది. ఒకటి తాడిలా పోయింది, ఒకటి నిచ్చెన లేకుండా అందుతుంది, కొన్ని నాలుగేళ్ళకి కాస్తే కొన్ని ఏడేళ్ళకి కళ్ళు తెరిచాయి. కాయల సైజూ అంతే, ఏ రెండు చెట్లవీ కలవవు. తల్లిచెట్టు ఒళ్ళు చూసి కాయ నాటాను, దాని లోపల రెండు రకాల నకళ్ళూ దాగున్నాయని నాకేం తెలుసు. పిల్లచెట్ల దగ్గరకొచ్చేసరికి విడిపోయి బయటపడ్డాయి.

ముగ్గురాడపిల్లల తల్లి

నేను వేరే విషయం అడగాలి. మూడో కాన్పులోనూ ఆడపిల్లే అని మా అత్తవారు నాతో ఆరునెలలు మాట్లాడలేదు. మాస్టారూ, ఇందులో నా పాత్ర ఎంత?

పాలకొల్లు మాస్టారు

మగబిడ్డా ఆడబిడ్డా అన్నది తేలడంలో ఏమీ లేదమ్మా. 23వ జతలో నీ క్రోమోజోములు రెండూ ఎక్స్‌లే, ఎప్పుడిచ్చినా ఎక్సే ఇస్తావు. మీ ఆయన దగ్గర ఒక ఎక్స్, ఒక వై. ఎక్స్ వెళ్తే ఆడపిల్ల, వై వెళ్తే మగపిల్లాడు. అది ఆయన చేతిలోనూ లేదు. ఇది మీ మామగారికి నేనే ఫోన్లో చెప్పమన్నా చెప్తాను.

భీమవరం పుంజు

మాస్టారి మాటకి ఒక్కటి కలుపుతా. కోళ్ళలో ఇది తిరగబడి ఉంటుంది. పుంజుకి రెండూ జడ్‌లే, పెట్టకి ఒక జడ్, ఒక డబ్ల్యూ. గుడ్డులో పుంజుందో పెట్టుందో తేల్చేది తల్లికోడే. నేనిది చదివి తెలుసుకున్నాను, అందుకే అమ్మగారికి చెప్తున్నా. కోడికి ఒకలా, మనిషికి ఒకలా ఉంటే అందులో ఆడమనిషి తప్పేముంది?

రావులపాలెం అరటి

నాకు ఎరుపూ ఆకుపచ్చా సరిగా తెలీవు. చుక్కల బొమ్మల పుస్తకంలో అంకె చదవలేక ఒక ఉద్యోగం మెడికల్ దగ్గర పోయింది. అమ్మా నాన్నా ఇద్దరికీ రంగులు బాగానే కనిపిస్తాయి. తర్వాత అమ్మ చెప్పింది: తాతయ్య, అంటే అమ్మ నాన్న, మిరపచేలో పండుకాయ కోయలేక ఎప్పుడూ అమ్మమ్మని వెంట తీసుకెళ్ళేవాడట. ఈ లోపం ఉండేది ఎక్స్ మీదే. ఆయన ఎక్స్ అమ్మకి, అమ్మ నుంచి నాకు. మగవాడికి ఎక్స్ ఒక్కటే కదా, ఆదుకోవడానికి రెండో నకలు లేదు. ఇంట్లో జబ్బుల గురించి అడిగేటప్పుడు అమ్మమ్మల వైపు కూడా విప్పి అడగండి.

కాకినాడ ల్యాబ్

లంకఅబ్బాయిగారూ, ఒక ల్యాబులో టెక్నీషియన్‌ని. ముందు చెల్లినీ బావనీ కాదు, మీ అన్నయ్యని పరీక్ష చేయించండి. పుట్టుకతో వినపడకపోవడానికి వందకి పైగా జన్యువులు కారణం కావచ్చు. అసలు జన్యువే కాకపోవచ్చు, గర్భంలో రుబెల్లా సోకినా, పుట్టగానే కామెర్లు ముదిరినా అవుతుంది. ఏ జన్యువో తేలకుండా బాగున్నవాళ్ళ రక్తం పంపడం ఊరు పేరు రాయకుండా ఉత్తరం వేసినట్టే. అన్నయ్య నుంచి ఊదారంగు మూత ట్యూబులో రెండు మిల్లీలీటర్లు చాలు. మెడికల్ జెనెటిక్స్ డాక్టరుగారిని కలిసి, మూడు తరాల వంశవృక్షం కాగితం మీద గీసి పట్టుకెళ్ళండి.

లంకఅబ్బాయి

వంశవృక్షం గీశానండి, అమ్మమ్మని పక్కన కూర్చోబెట్టుకుని. మాస్టారూ, పరీక్ష ఫలితం వచ్చేలోపు లెక్క ఎంత పడుతుందో చెప్తారా?

పాలకొల్లు మాస్టారు

ఇది జన్యువు వల్లే, రెండు నకళ్ళూ చెడితేనే వచ్చేది అనుకుందాం. పెద్దమ్మ దగ్గరా పెదనాన్న దగ్గరా ఒకే తెల్లగింజ ఉండాలి. పెదనాన్న అమ్మమ్మకి తమ్ముడు కాబట్టి ఆ గింజ అమ్మమ్మ గుండానే పెద్దమ్మకి వచ్చి ఉంటుంది. అమ్మమ్మ నుంచి మీ అమ్మకి వచ్చే వీలు సగం, అమ్మ నుంచి చెల్లికి అందులో సగం, అంటే నాలుగో వంతు. అదే లెక్కన మేనమామకి సగం, బావకి నాలుగో వంతు. ఇద్దరి దగ్గరా ఉండటం పదహారింట ఒకటి. అప్పుడు బిడ్డకి రెండూ తెల్లవి పడటం అందులో నాలుగో వంతు. మొత్తం 64లో ఒకటి.

ఇది తెలియనప్పటి లెక్క. పరీక్ష అయ్యాక 64 అనేది ఉండదు. ఇద్దరికీ ఉందని తేలితే ప్రతి కాన్పుకీ నాలుగో వంతు. ఒక్కరికైనా లేదంటే ఈ కారణంగా రాదు.

లంకఅబ్బాయి

ఆలస్యమైంది, క్షమించండి. హెచ్‌బీ ఏ2 ఇద్దరికీ మామూలుగానే ఉంది. అన్నయ్య రిపోర్టు నిన్న వచ్చింది. 13వ క్రోమోజోము మీద కనెక్సిన్ 26 అనే ప్రోటీను తయారుచేసే జన్యువట. రెండు నకళ్ళలోనూ ఒకే చోట ఒకే అక్షరం మారింది. డాక్టరమ్మ ఆ చోటు వేలితో చూపించారు. పెద్దమ్మ ఆ కాగితం తీసుకుని చాలాసేపు చూసింది, ఆవిడకి చదవడం రాదు. "గ్రహణం కాదన్నమాట" అంది.

చెల్లీ బావా నిన్ననే రక్తం ఇచ్చారు. నెల పడుతుందన్నారు. తాంబూలాలు అప్పటిదాకా ఆపాం, అమ్మ కూడా ఒప్పుకుంది.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో అన్నయ్య తన ఫోన్లో టైపు చేసి నాకు చూపించాడు: "నాకు పెళ్ళయితే నా పిల్లలకీ వినపడదా?" ఇన్నేళ్ళలో ఇంట్లో ఎవరం ఆయన పెళ్ళి మాటే ఎత్తలేదండి. నాకు ఏం రాయాలో తెలియలేదు.

పాలకొల్లు మాస్టారు

ఇది అన్నయ్యకే చూపించండి.

బాబూ, నీ చిప్పలో రెండూ తెల్లగింజలే. ప్రతి బిడ్డకీ నీ నుంచి ఒక తెల్లది తప్పకుండా వెళ్తుంది. వచ్చే అమ్మాయి దగ్గర రెండూ నల్లవైతే ప్రతి బిడ్డకీ ఒక నల్లగింజ అందుతుంది. నీ జన్యువు మూలంగా వాళ్ళకి చెవుడు రాదు, క్యారియర్లుగా ఉంటారు. ఆ అమ్మాయి క్యారియర్ అయితే ఒక్కో కాన్పుకి సగానికి సగం. ఆ అమ్మాయికీ ఇదే జన్యువు వల్ల వినపడకపోతే పిల్లలందరికీ నీలాగే ఉంటుంది. అలా ఉన్నా ఇప్పుడు పుట్టగానే చెవి పరీక్ష ఉంది, చిన్నప్పుడే ఆపరేషన్ చేసి చెవి లోపల పెట్టే వినికిడి పరికరం, కాక్లియర్ ఇంప్లాంట్, ఈ కారణంతో వినపడనివాళ్ళకి బాగానే పనిచేస్తుంది. సైగలు నేర్పడానికి ఎలాగూ నువ్వున్నావు.

చుట్టాల్లో కాకుండా బయట చూడమని ఇంట్లో చెప్పు. సంబంధం కుదిరాక ఆ అమ్మాయి రిపోర్టు నాకు విడిగా పంపు, లెక్క వేసిస్తాను.