సబ్-జూనియర్ ఈత మీట్లలో 'ఒక్క స్టార్టే' రూల్ సడలించాలా?

లేన్_నాలుగు
సిగ్నల్‌కి ముందు కదిలితే ఇంకేం లేదు, డిస్‌క్వాలిఫై. ఒలింపిక్ ఫైనల్‌కి సరే, పదేళ్ల పిల్లలకి కూడా ఇదేనా? ఏడాదికి రెండు మూడు మీట్లు దొరికితే గొప్ప. ఆ కాస్తా బ్లాక్ (నీళ్లలోకి దూకే దిమ్మె) మీద తడబాటుతో పోతే ఎలా? నా లెక్కలో పాత పద్ధతే నయం: మొదటి తప్పుకి అందరినీ వెనక్కి పిలిచి హెచ్చరించడం, ఆ తర్వాత కదిలినవాళ్లని తీసెయ్యడం.

స్టాప్‌వాచ్
పాత పద్ధతిలో మొదటి తప్పు ఉచితం. పక్కవాళ్లని కంగారు పెట్టడానికి కావాలనే దూకే వీలుండేది. పైగా దూకిన పిల్లల్ని ఆపడం మాటలు కాదు. పదిహేను మీటర్ల దగ్గర తాడు నీళ్లలోకి వదలాలి, అది తగిలితే గాని కొందరు ఆగరు. తిరిగొచ్చి, బ్లాకెక్కి, వగరుస్తూ మళ్లీ స్టార్ట్. తప్పు చేయని ఏడుగురికి అది న్యాయమా?
ఇంకో మాట. తప్పు ప్రకటించేలోపే సిగ్నల్ మోగితే రేసు ఆపరు, డిస్‌క్వాలిఫికేషన్ తర్వాతే. అంటే పిల్ల ఈదుతుంది, టైమ్ మాత్రం లెక్కకి రాదు.

లేన్_నాలుగు
పెద్దవాళ్లకి మాత్రం ఒక్కోసారి వెసులుబాటు ఉంది కదండీ. 2012 లండన్ 1500 మీటర్ల ఫైనల్‌లో చైనా ఈతగాడు సున్ యాంగ్ సిగ్నల్‌కి ముందే నీళ్లలో పడ్డాడు. ప్రేక్షకుల గోల వల్లేనని వదిలేశారు, బంగారం గెలిచాడు. 2004 ఆస్ట్రేలియా ఒలింపిక్ ఎంపిక ట్రయల్స్‌లో 400 ఫ్రీస్టయిల్‌కి బ్లాక్ మీంచి తూలిపడిన ఇయాన్ థోర్ప్‌ని మాత్రం తీసేశారు.

స్టాప్‌వాచ్
లండన్‌లో రూల్ సడలించలేదు. స్టార్ట్ సరిగ్గా ఉందా లేదా అన్నది స్టార్టర్ (సిగ్నల్ ఇచ్చే అధికారి) తేలుస్తారు, దాని మీద రిఫరీదే ఆఖరి మాట. కారణం బయటి శబ్దం అనుకున్నారు, వదిలేశారు. గ్యాలరీలో ఎవరైనా విజిల్ ఊదితే మీ పిల్లలకీ అదే వర్తిస్తుంది.

తడి_బ్లాక్
రూల్ మీద కొట్టుకోవడం సరే, పిల్లలు ఎందుకు కదులుతున్నారో చూడండి. నాకు కనిపించేవి మూడు.
అన్నిటికంటే పెద్దది బరువు. 'టేక్ యువర్ మార్క్స్' (దూకడానికి వంగి సిద్ధమవ్వమని) అనగానే పిల్లలు భుజాల్ని అంచు దాటించి ముందుకి వాలిపోతారు. అప్పుడు ఒంటిని ఆపేది చేతి వేళ్లొక్కటే. రెండు సెకన్లు గడిస్తే పట్టు సడలుతుంది, పడతారు. తుంటిని కాస్త వెనక్కి ఉంచాలి. ముందు కాలి వేళ్లు అంచుని గట్టిగా పట్టాలి, వెనక కాలి ముని పాదం బ్యాక్ ప్లేట్‌కి (బ్లాక్ మీద వెనక కాలికి ఆనుగా ఉండే, ముందుకీ వెనక్కీ జరిపే పలక) ఆనాలి, ఆ మోకాలు దాదాపు తొంభై డిగ్రీలు వంగాలి. ప్లేట్ మరీ వెనక్కి జరిపితే పొట్టి పిల్లలకి ఆ మోకాలు చాచుకుపోయి బరువంతా ముందుకొస్తుంది. వార్మప్‌లోనే ప్లేట్ ఏ నంబర్ దగ్గర తనకి సరిపోతుందో చూసుకుని, రేసుకి ముందు తనే జరుపుకోవడం నేర్పాలి.
రెండోది కోచ్‌ల వల్ల వచ్చేది. రోజూ ఒకే విరామం తర్వాత చప్పట్లు కొడితే పిల్లలు శబ్దాన్ని వినరు, లయని పట్టేస్తారు. మీట్‌లో స్టార్టర్ అర సెకను ఎక్కువ ఆగితే హీట్‌లో (ఒక విడత రేసులో) సగం మంది కదిలిపోతారు. ప్రాక్టీసులో ఒకసారి ఒక సెకను, ఇంకోసారి మూడు, మధ్యలో అసలు సిగ్నలే ఇవ్వకుండా 'స్టాండ్' (లేచి నిలబడండి) అనాలి.
మూడోది, పక్క లేన్‌ని చూసి దూకడం. తల దించి కిందకే చూసేవాళ్లకి ఈ జబ్బు తక్కువ.

రిఫరీ_కుర్చీ
స్టార్టర్ల తప్పూ ఉంది. ఎనిమిది మందీ నిశ్చలంగా ఉన్నాకే సిగ్నల్ ఇవ్వాలి. ఒక పిల్ల ఊగుతుంటే ఆమె కుదురుకునేదాకా మిగతావాళ్లని వంచి ఉంచడం దేనికి? 'స్టాండ్' అనండి, అందరూ లేస్తారు, మళ్లీ మొదలుపెట్టండి. ఇది ఇప్పటి రూల్లోనే ఉంది, ఏ సడలింపూ అక్కర్లేదు. దీన్ని వాడడానికి మొహమాటపడే స్టార్టర్లే ఎక్కువ.

లేన్_నాలుగు
ఒప్పుకుంటాను, కానీ స్కూల్ మీట్ల వరకైనా సడలించాలన్న మాట మీదే ఉన్నాను. అక్కడ ప్రతి బ్లాక్ కింద స్పీకర్ ఉండదు. ఒకటో లేన్ పక్కన హారన్ మోగితే ఇరవై మీటర్ల అవతలికి శబ్దం చేరేసరికి 0.06 సెకన్లు. చివరి లేన్ పిల్లలకి అందరూ ముందే దూకినట్టుంటుంది. తర్వాతి హీట్‌లో ఆ లేన్ పిల్లలు తొందరపడరా మరి?

రిఫరీ_కుర్చీ
దానికి రూల్ మార్చడమెందుకు? ఒక్క స్పీకరే ఉంటే దాన్ని నాలుగు, అయిదు లేన్ల మధ్య, బ్లాకుల వెనక పెట్టండి. స్టార్టర్ మైకు పట్టుకుని పక్క గట్టు మీదే ఉండొచ్చు. కేబుల్ మాత్రం పిల్లలు నడిచే దారిలో పడనివ్వకండి.