చర్చిలో అభ్యర్థికి మైకు ఇవ్వొచ్చా? మా కమిటీలో తెగట్లేదు

గుండ్లకమ్మ_బాబు:

అందరికీ వందనాలు. మాది ఒంగోలు పక్కన ఒక పల్లె. బాప్టిస్టు సంఘం, ముత్తాతల నాటిది. నేను ఈ మధ్యే కమిటీలోకి వచ్చాను. సెక్రటరీ పని అంటే కానుకల లెక్క రాయడం, క్రిస్మస్‌కి షామియానా మాట్లాడటం అనుకున్నా. స్థానిక ఎన్నికల మాట మొదలయ్యేసరికి కొత్త తలనొప్పి తగిలింది.

జడ్పీటీసీకి నిలబడాలనుకుంటున్న ఒకాయన ఆదివారం ఆరాధనకు వస్తానని కబురు పెట్టాడు. వచ్చి కూర్చుంటే ఎవరికీ ఇబ్బంది లేదు. కానీ వాక్యం అయ్యాక ఐదు నిమిషాలు మైకు కావాలట. పాస్టర్ గారు తలమీద చెయ్యిపెట్టి ప్రార్థన చేయాలి, ఫోటో దిగాలి. బదులుగా మందిరానికి ప్రహరీ కట్టిస్తాడు. మా పెద్దల్లో సగం మంది "ఆయన కాకపోతే గోడ ఎవరు కట్టిస్తారు?" అంటున్నారు. అవతలి పార్టీ ఇళ్లవాళ్లు ఆ ఆదివారం గుమ్మం తొక్కమని చెప్పేశారు. నాన్నది ఒక పార్టీ, బాబాయిది ఒక పార్టీ అయిన ఇళ్లు మా సంఘంలో చాలా ఉన్నాయి.

పాస్టర్ గారి బాధ వేరు. 2019లో వచ్చిన ప్రభుత్వం పాస్టర్లకు నెలకు 5,000 గౌరవ వేతనం పెట్టింది కదా, ఆయన పేరు అందులో ఉంది. ప్రభుత్వం మారాక ఆ డబ్బు కొన్నాళ్లు ఆగి, తర్వాత బకాయిగా వచ్చింది. అప్పట్నుంచి "ఎవర్నీ కాదనలేను బాబూ" అంటారు. ఆయన్ని తప్పుపట్టలేను. మేమిచ్చే కానుకలతో ఆయన ఇల్లు గడవదు.

చట్టం ఏమంటుంది? మీ సంఘాల్లో ఏం చేస్తున్నారు? "రాజకీయాలు మనకెందుకు, ప్రార్థన చేసుకుందాం" అనే సలహా మాత్రం వద్దు, అది మా అమ్మ రోజూ చెప్తూనే ఉంది.

డెల్టా_అన్న:

ఇచ్చెయ్ తమ్ముడూ. గుడికెళ్లి శేషవస్త్రం కప్పించుకుంటారు, దర్గాకి చాదర్ పట్టుకెళ్తారు, మన దగ్గరికొచ్చేసరికే పవిత్రత అడ్డొస్తుందా? మా ఊళ్లో పోటీ చేసిన ముగ్గురికీ మైకు ఇచ్చాం. ఒకరు బోరు వేయించారు, ఒకరు టైల్స్ వేయించారు. మూడో ఆయన ఓడిపోయాడు, మళ్లీ ఇటు తొంగిచూడలేదు.

రిటైర్డ్_మాస్టారు:

బాబూ, ముందు చట్టం సంగతి. మత సంస్థలు దుర్వినియోగం కాకుండా 1988లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. గుడి, మసీదు, చర్చి ఏదైనా సరే, ఆవరణను రాజకీయ ప్రచారానికి వాడనివ్వకూడదు. ఐదేళ్ల దాకా జైలు, పది వేల దాకా జరిమానా. కేసు పడేది ముందుగా మందిరం నడిపేవాళ్ల మీద. అంటే పాస్టర్ గారూ, పెద్దలూ, సెక్రటరీవి కాబట్టి నువ్వూ. ప్రార్థనా స్థలాల్లో ప్రచారం కూడదని ఎన్నికల కోడ్ కూడా చెబుతుంది. డెల్టా అన్నకు ఒక మాట: దర్శనానికి రావడం వేరు, మైకు పట్టుకోవడం వేరు.

ఇంకొకటి. ఒంగోలులో పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర కథ మీ పేట పెద్దలకు తెలిసే ఉంటుంది. 1876-78 కరువులో ఆయన బకింగ్‌హాం కాలవ తవ్వకంలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టుకు తీసుకుని మన ముత్తాతలకు కూలి ఇప్పించాడు. బాప్తిస్మం ఇమ్మని జనం వెంటపడ్డా, కూడు కోసం కలిశారన్న మాట రాకూడదని సాయం నడిచినన్నాళ్లూ ఇవ్వలేదు. సాయం ఆపేశాకే 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మందికి ఇచ్చారు. గోడ కట్టిస్తే మైకు ఇస్తాం అనే పెద్దలకు ఈ సంగతి గుర్తుచెయ్యి.

ఇక అసలు విషయం. నాయకులు పాస్టర్ల చుట్టూనే ఎందుకు తిరుగుతారు? కాగితం మీద మనం లేం కాబట్టి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదా హిందువులకే అంది. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని కలిపారు, మనల్ని కలపలేదు. మన రాష్ట్రంలో క్రైస్తవం తీసుకున్న ఎస్సీలు బీసీ-సీ కిందికి వస్తారు, రిజర్వేషన్ ఒక్క శాతం. అందుకని ఆదివారం చర్చిలో పాడే ఇంటివాళ్ల బీరువాలో ఎస్సీ సర్టిఫికెట్ ఉంటుంది. బళ్లో ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆ కాలమ్ నేనే నింపాను, ఎవరు ఎక్కడ ప్రార్థనకు వెళ్తారో తెలిసే నింపాను. ఇప్పుడైనా మళ్లీ అలాగే నింపుతాను. హోదా ఇమ్మని 2009లో ఒకసారి, 2023లో ఒకసారి శాసనసభ తీర్మానాలు చేసి ఢిల్లీకి పంపింది. 2025లో మన హైకోర్టు, పాస్టర్‌గా పనిచేస్తున్న మనిషికి అట్రాసిటీ చట్టం వర్తించదంది. ఆ కేసు బాపట్ల వైపుదే. దాంతో జనం ఇంకా ముడుచుకున్నారు.

నేను క్రైస్తవుణ్ణని బయటికి చెప్పుకోలేనివాడు క్రైస్తవుడిగా ఏం అడగగలడు? అడిగేది పాస్టరే. మీ పేటలో ఎన్ని ఓట్లని ఆయన్నే అడుగుతారు, మాట ఆయన దగ్గరే తీసుకుంటారు. గౌరవ వేతనం వచ్చి ఆ బేరాన్ని నెలవారీ చేసింది. అర్చకులకూ ఇమాములకూ ఇస్తున్నప్పుడు పాస్టర్లకు ఎందుకివ్వరంటే, నిజమే, ఇవ్వాలి. కానీ చూస్తుండగానే సంఘం అడగాల్సినవన్నీ పక్కకుపోయి మాటంతా ఆ 5,000 చుట్టూ తిరుగుతోంది.

మీది బాప్టిస్టు సంఘం కావడం నయం. సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) అయితే బిషప్ గారి దాకా పోవాలి. సొంతంగా మందిరం కట్టుకున్న పాస్టర్ దగ్గరైతే ఆయన మాటే ఖాయం. మీకు సభ్యుల మీటింగే పెద్ద. మీటింగు పెట్టి, ఆరాధనలో ఏ పార్టీకీ మైకు లేదని మినిట్స్‌లో రాసి అందరి చేతా సంతకాలు పెట్టించు. అప్పుడు పాస్టర్ గారు "నేను వద్దనలేదయ్యా, సంఘం వద్దంది" అనగలుగుతారు. ఆయన జీతం ఎంతివ్వగలమో కూడా అదే మీటింగులో తేల్చండి. అది తేలకపోతే తీర్మానం కాగితంగానే ఉంటుంది.

చీరాల_అక్క:

మాస్టారూ, చాలావరకు ఒప్పుకుంటాను. కానీ చర్చిలో రాజకీయం ఉండకూడదని పిల్లలకు నూరిపోయకండి. 1985 జులైలో కారంచేడులో మన దళితుల్ని చంపినప్పుడు మిగిలినవాళ్లు పరిగెత్తుకొచ్చింది చీరాలకే, తల దాచుకుంది చర్చి ఆవరణలోనే. నాయకులు, పత్రికలవాళ్లు, ఉద్యమంవాళ్లు అందరూ ఆ శిబిరానికే వచ్చారు. దళిత మహాసభ ఆ పోరాటంలోంచే పుట్టింది. అది రాజకీయం కాదా? మీరు చెప్పిన చట్టం మూడేళ్ల తర్వాత వచ్చింది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ పాస్టర్ల మీదా కేసు పెట్టేవాళ్లేమో.

తమ్ముడూ, మా దగ్గర ఏం చేశామంటే, స్త్రీల సమాజం వాళ్లం అభ్యర్థుల్ని చర్చికి కాదు, మా వీధిలోకి రమ్మన్నాం. సమాధుల తోటకు దారి లేదు, వానాకాలం శవాన్ని మోకాలి లోతు నీళ్లలో మోసుకెళ్లాలి. ఆ దారి వెంటే నడిపించాం, తెల్ల పంచెలతో సహా. పాస్టర్ గారిని రావద్దన్నాం, ఆయనకే మంచిదని. మైకు లేదు, దండలు లేవు. గెలిచినాయన గ్రావెల్ తోలించాడు. సగం దూరమే, మిగతా సగం కోసం ఇప్పటికీ తిరుగుతున్నాం.

డెల్టా_అన్న:

చట్టంలో ఐదేళ్లు జైలని నాకు తెలీదు మాస్టారూ. మా పెద్దలకు ఇది పంపిస్తున్నా. టైల్స్ మాత్రం వెనక్కివ్వం.

గుండ్లకమ్మ_బాబు:

అక్కా, మాస్టారూ, చాలా థ్యాంక్స్. మీటింగు పెడుతున్నాం. సమాధుల స్థలం మాక్కూడా సమస్యే, ఎవరూ అడగలేదు, ప్రహరీ మీదే పడ్డారు. పాస్టర్ గారికి చెబితే "జీతం సంగతి మీటింగులో నా ఎదురుగా మాట్లాడకండయ్యా" అన్నారు, మిగతాదానికి సరేనన్నారు.

ఒక చిక్కు మిగిలింది. గుమ్మం పక్కన పాత ఎమ్మెల్యే పేరుతో శిలాఫలకం ఉంది, వరండా ఆయనే వేయించాడు. మైకు వద్దంటే ముందు ఆ రాయి పీకండని ఇవతలి వర్గం పట్టుబట్టింది. దానికేమైనా చట్టం ఉందా?

రిటైర్డ్_మాస్టారు:

ఆ రాయి మీటింగులో రెండో అంశం. మొదటి దానికి సంతకాలు పడ్డాకే ఎత్తు, లేకపోతే రాయి దగ్గరే రాత్రి పదవుతుంది.