నెలల తరబడి ఉండటానికి వచ్చిన పెద్దవాళ్ళకి పసిబిడ్డను పూర్తిగా అప్పజెప్పొచ్చా?

మధురవాడ కోడలు:
మా పాపకి ఎనిమిదో నెల. 26 వారాల మెటర్నిటీ సెలవు కాన్పుకి ముందు కొంత, తర్వాత కొంత వాడేశాను. ఆపైన పెట్టిన జీతం లేని సెలవు కూడా అయిపోయింది. వచ్చే సోమవారం నుంచి రుషికొండలో ఆఫీసుకి వెళ్ళాలి. పురుడు పుట్టింట్లో జరిగింది, ఐదో నెల దాకా మా అమ్మే చూసుకుంది. ఇప్పుడు అత్తయ్య, మామయ్య నరసన్నపేట దగ్గర ఊరి నుంచి వచ్చారు. సంక్రాంతి దాకా ఉంటామన్నారు.

అత్తయ్యకి అరవై దాటాయి, మోకాళ్ళ నొప్పులు. మామయ్యకి బీపీ. పగలు పాపని చూడటానికి ఆయాను పెడదామని నేనంటున్నాను. మా ఆయనేమో "అమ్మ ఉండగా ఆయా ఎందుకు, అమ్మ బాధపడుతుంది" అంటున్నారు. అత్తయ్య కూడా "నా మనవరాలిని పరాయి చేతుల్లో పెడతానా" అనేశారు. ఆవిడ ప్రేమ మీద నాకు ఏ అనుమానమూ లేదు. కానీ పొద్దున్న తొమ్మిది నుంచి సాయంత్రం ఏడు దాకా పాకే పిల్ల వెనకాల తిరగడం ఆ వయసులో అయ్యే పనేనా? వాళ్ళు చూస్తామన్నారు కదా అని మనం సరే అనేయడం న్యాయమేనా? ఇలాంటి పరిస్థితి చూసినవాళ్ళు రెండు వైపుల నుంచీ చెప్పండి.

సీతమ్మధార నాన్నమ్మ:
అమ్మా, నేను మీ అత్తగారి వైపు మనిషిని. మనవడి కోసం ఊరొదిలి కొడుకు దగ్గర ఉంటున్నాను. ఆయాను పెడతామంటే నేనే వద్దన్నాను. ఇప్పటికీ నాది అదే మాట.

ఆయా వస్తే మా పని తగ్గుతుందని మీరనుకుంటారు. బిడ్డతో పాటు ఆయాను కనిపెట్టుకుని ఉండటం కూడా మాకే వస్తుంది. చేతులు కడుక్కుందా, ఫోను చూస్తూ కూర్చుందా, మంచం మీద వదిలేసి పక్కకి వెళ్ళిందా అని చూస్తూ ఉండాలి. మీరు ఆఫీసులో ఉంటారు. ఏదైనా జరిగితే "మీరు ఇంట్లోనే ఉన్నారు కదా" అని అడిగేది మమ్మల్నే.

ఇంకోటి. కాళ్ళు చాపుకుని, వాడిని కాళ్ళ మీద బోర్లా వేసుకుని, వీపు మీద గోరువెచ్చని నీళ్ళు పోస్తుంటే ముందు ఒళ్ళంతా బిగబట్టి ఏడుస్తాడు. రెండో చెంబుకి ఏడుపు ఆపుతాడు. మూడో చెంబుకి ఒళ్ళు వదిలేస్తాడు, ఆ బరువు నా పిక్కలకి తెలుస్తుంది. ఆ పని ఇంకొకరికి ఇమ్మంటే నాకు చాలా కష్టంగా ఉంటుంది. మీ అత్తగారిది మొహమాటం అనుకోకు. ఆవిడ నిజంగానే అంటూ ఉండొచ్చు.

గాజువాక షిఫ్ట్ డ్యూటీ:
నాన్నమ్మగారూ, మీ మాట కొట్టిపారేయను. కానీ మా అమ్మ కూడా "నాకేం కష్టం లేదురా" అనే అనేది, రోజూ. నాది షిఫ్టు ఉద్యోగం, నా భార్యది బ్యాంకు. ఒకరోజు పొద్దున షిఫ్టు దిగి మధ్యాహ్నం మూడింటికి ఇంటికొచ్చాను. అమ్మ వంటింటి గుమ్మం దగ్గర కింద కూర్చుని అన్నం తింటోంది. ఉయ్యాల తాడు కాలి బొటనవేలికి చుట్టుకుని ఉంది. ఒక్కో ముద్దకి ఒకసారి కాలు కదుపుతోంది. కంచంలో అన్నం అంచులు ఎండిపోయాయి. నన్ను చూసి నోటి మీద వేలు పెట్టి చూపించింది, ఇప్పుడే పడుకున్నాడని.

మా అమ్మకి షుగరు. పొద్దున్న మాత్ర వేసుకుని మూడింటికి అన్నం తింటే కళ్ళు తిరుగుతాయి. ఆ పడేటప్పుడు చంకలో బిడ్డ ఉంటే? ఇది ఆలోచించాక మాకు ప్రేమ, మొహమాటం అన్న చర్చే అక్కర్లేకపోయింది. పదకొండు నుంచి మూడున్నర దాకా ఒక మనిషి వస్తోంది. అమ్మ పన్నెండున్నరకి తిని కాసేపు నడుం వాలుస్తుంది. మొదటి వారం ముభావంగా ఉంది. తర్వాత ఆ మనిషి రాకపోతే "ఏటిరా, ఇంకా రాలేదు" అని అమ్మే అడగడం మొదలుపెట్టింది.

పెద్దవాళ్ళు "పరవాలేదు" అన్నంత మాత్రాన అది పరవాలేదని కాదు. వాళ్ళు కాదనరు కాబట్టి ఆ మాట మనమే అనాలి.

అక్కయ్యపాలెం:
ఇక్కడ ఆయా సంగతి అందరూ మాట్లాడుతున్నారు, ఆయా ఇంట్లో బిడ్డ సంగతి ఎవరూ ఎత్తలేదు. మా ఇంటికి వచ్చే ఆమె ఆరిలోవ నుంచి వస్తుంది. ఆమె కొడుక్కి రెండో ఏడు. వాడిని చూసేది ఆమె తల్లి. ఆ అమ్మమ్మకి సాయంగా ఎవరూ రారు. అంగన్‌వాడీలో ఆటపాటల చదువు మూడేళ్ళు నిండాక. అంతకన్నా చిన్నవాళ్ళకి ఇంటికి బాలామృతం అనే పోషకాహార పొడి ఇస్తారు, టీకాలూ బరువూ చూస్తారు. పగలంతా ఉంచుకోవడం మామూలు కేంద్రాల్లో లేదు.

కాబట్టి అడగాల్సింది ఆఫీసుల్ని. 50 మంది, అంతకు మించి పనిచేసే చోట క్రెష్, అంటే పగలు పసిపిల్లల్ని చూసుకునే చోటు, ఉండాలని 2017లోనే మెటర్నిటీ బెనిఫిట్ చట్టానికి సవరణ తెచ్చారు. తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్ళి బిడ్డను చూసుకోనివ్వాలి. ఉద్యోగంలో చేరేటప్పుడే ఈ సంగతి రాతపూర్వకంగా చెప్పాలని కూడా ఆ సవరణలో పెట్టారు. ఇవన్నీ వదిలేసి ఊళ్ళో ఉన్న అత్తగారి మోకాళ్ళ మీద భారం వెయ్యడం మనకి అలవాటైపోయింది. కోపంగా రాస్తున్నానని తెలుసు, కోపం రావాల్సిన విషయమే.

మధురవాడ కోడలు:
మా ఆఫీసులో 50 మంది కన్నా చాలా ఎక్కువే. క్రెష్ లేదు. ఒకసారి అడిగితే "చూస్తున్నాం" అన్నారు. నాలాంటి తల్లులు ఇంకొందరున్నారు, అందరం కలిసి మెయిల్ పెడతాం. కానీ అది వచ్చేసరికి మా పాప బడికి వెళ్ళే వయసుకి వస్తుందేమో. నాకు సోమవారం సంగతి కావాలి.

ఎంవీపీ కాలనీ తాతయ్య:
రిటైర్డ్ టీచర్ని. కూతురి దగ్గరికి మనవరాలి కోసం వచ్చి ఉంటున్నాం. అందరూ పని గురించి రాశారు. నేను టైము గురించి రాస్తాను.

ఊళ్ళో మాకు మా దినచర్య ఉంటుంది. పొద్దున్నే పేపరు, రచ్చబండ దగ్గర నలుగురు, సాయంత్రం గుడి. ఇక్కడ పక్క ఫ్లాటులో ఎవరున్నారో తెలియడానికే చాలా రోజులు పట్టింది. బీచ్ రోడ్డు మీద సాయంత్రం నడక ఒక్కటే నాకు దొరికిన ఊపిరి. అల్లుడు ఆరున్నరకి వస్తానంటాడు, ఎనిమిదికి వస్తాడు, ఇక నడక పోయినట్టే. ఏదో ఒక రోజైతే నేనూ పట్టించుకోను, ఉద్యోగాలు అలాగే ఉంటాయి. రోజూ అదే అయితే "వాళ్ళు ఇంట్లోనే ఉంటారు కదా, ఎక్కడికి పోతారు" అనే లెక్క మొదలైందని అర్థం. నాకు బాధ కలిగేది అక్కడే. బిడ్డను ఎత్తుకోవడంలో నాకు ఏ బాధా లేదు.

డబ్బు సంగతి కూడా ఎవరూ ఎత్తలేదు. జీతంలా ఇస్తే మేం తీసుకోం, అది మాట్లాడకండి. కానీ మా మందులు, మధ్యలో ఊరికి వెళ్ళొచ్చే ఛార్జీలు, రైతుబజారు ఖర్చు పిల్లలే పెట్టుకోవాలి. పెన్షన్ ఉన్న నాలాంటివాడు మొహమాటానికి పాలప్యాకెట్లు కొంటూ పోగలడు. పెన్షన్ లేని రైతు అలా కొనలేడు, నోరు తెరిచి అడగనూ లేడు. మీ మామగారి చేతిలో వారానికింతని పెట్టండమ్మా, అడక్కముందే.

పెందుర్తి అమ్మమ్మ:
మాస్టారూ, మీ నడక పోయిందని రాశారు, నిజమే. మీ ఇంట్లో ఆవిడకి పోవడానికి నడక ఉందా? మా ఇంట్లో తాతగారు మనవడిని ఎత్తుకుని కిందికి వెళ్తారు, అపార్టుమెంటులో అందరూ "తాతయ్య ఎంత బాగా చూస్తున్నారో" అంటారు. ఆ అరగంటలో నేను గిన్నెలు మరిగించి, పక్కగుడ్డలు ఆరేసి, రాత్రి వంటకి కూరలు తరుగుతాను. మేమిద్దరం బిడ్డను చూస్తున్నామని అందరూ అంటారు. బిడ్డ చుట్టూ ఉన్న పనంతా నాదే.

ఎంవీపీ కాలనీ తాతయ్య:
మీరన్నది కాదనలేను. మా ఇంట్లో గిన్నెలు మరిగించడం, బట్టలు ఆరేయడం నావే, వంట మాత్రం ఆవిడదే. వంటమనిషి మాట అమ్మాయితో ఈ రోజే ఎత్తుతాను.

సీతమ్మధార నాన్నమ్మ:
పెందుర్తి అమ్మమ్మగారు నా మనసులో మాట అన్నారు. నేను ఆయా వద్దన్నది బిడ్డను వదలలేక. బిడ్డ చుట్టూ ఉన్న చాకిరీ నాకూ వద్దు. పిల్లలు ఎప్పుడూ బిడ్డకి మనిషిని పెడతామంటారు, వంట మాత్రం మాకే వదిలేస్తారు. తిరగేసి చెయ్యండి. వంటకి, బట్టలకి, ఇల్లు తుడవడానికి మనిషిని పెట్టి బిడ్డను మా దగ్గర ఉంచండి. అలా అడిగితే ఏ అత్తగారూ కాదనదు.

పిల్లల వార్డు నర్సు:
నాన్నమ్మగారి ఆలోచన మంచిది. చేతుల్లో ఉండే బిడ్డకైతే అది చాలు కూడా. ఎనిమిదో నెల నుంచి లెక్క మారుతుంది. ఆ వయసు బిడ్డ సుమారు ఎనిమిది కిలోలు ఉంటుంది. రోజుకి ఎన్నోసార్లు నేల మీంచి వంగి ఎత్తాలి. మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళకి స్నానం చేయించడం కన్నా, ఎత్తుకుని లేవడమే కష్టం. ఆ ఎత్తడానికి, ఆవిడ తినేటప్పుడు పడుకునేటప్పుడు బిడ్డ దగ్గర ఉండటానికి రెండో మనిషి కావాలి.

మందుల గురించి తప్పకుండా చెప్పాలి. పాకే పిల్లలు మింగకూడనివి మింగి ఆస్పత్రికి వచ్చినప్పుడు, అవి కొన్నిసార్లు ఇంట్లో పెద్దవాళ్ళ మాత్రలే. కొన్ని రకాల బీపీ మాత్ర, షుగరు మాత్ర ఒక్కటి చాలు, ప్రాణం మీదికి రావచ్చు. ఊరి నుంచి వచ్చినవాళ్ళు మాత్రలు ప్లాస్టిక్ కవర్లో కట్టి తలగడ పక్కనో, సంచిలోనో పెట్టుకుంటారు. మీ మామగారి మాత్రలు ఈ రోజే పై అరలోకి ఎక్కించండి.

తిండి విషయంలో కోడళ్ళు, అత్తలు గొడవపడేవాటిలో కొన్నిట్లో పెద్దవాళ్ళే కరెక్టు. పాలసీసా కన్నా ఉగ్గుగిన్నె మంచిది, శుభ్రం చెయ్యడం తేలిక, మేమూ అదే చెబుతాం. మెత్తగా చిదిమిన పప్పన్నం, నెయ్యి, రాగిజావ ఈ వయసుకి చాలా మంచివి. కొన్నిట్లో మాత్రం ససేమిరా కుదరదు. ఏడాది నిండేదాకా తేనె నాకించకూడదు. చెవిలో, ముక్కులో నూనె వెయ్యకూడదు. సాంబ్రాణి పొగ తలుపులేసిన గదిలో పట్టకూడదు. తీసి ఉంచిన తల్లిపాలు బయట నాలుగు గంటలకి మించి పెట్టకూడదు, మన ఉక్కపోతలో వెంటనే ఫ్రిజ్‌లో పెట్టడమే మేలు. వాటిని పొయ్యి మీద కాచకూడదు, గోరువెచ్చని నీళ్ళలో గిన్నె ఉంచితే చాలు. ఇవి కోడలి నోటితో చెబితే ఎదురు చెప్పినట్టు ఉంటుంది. తొమ్మిది నెలలు నిండగానే ఎంఆర్ (తట్టు, రుబెల్లా) టీకా, విటమిన్ ఎ చుక్కలు ఉంటాయి. ఆ రోజు అత్తయ్యగారిని కూడా తీసుకెళ్ళి డాక్టరుగారితో నేరుగా మాట్లాడించండి.

గాజువాక షిఫ్ట్ డ్యూటీ:
ఇంకో మాట, ఇది భర్తగారికి. అమ్మతో మాట్లాడాల్సింది కోడలు కాదు, కొడుకు. "ఆయాను పెడదాం" అని కోడలంటే నమ్మకం లేదన్నట్టు వినిపిస్తుంది. అదే కొడుకు "నువ్వు మధ్యాహ్నం పడుకోవాలమ్మా" అంటే వేరుగా వినిపిస్తుంది. రాత్రి పాప లేస్తే పెద్దవాళ్ళని లేపకుండా ఆయనే చూసుకోవాలి. నేను నైట్ లేని వారాల్లో అలాగే చేస్తాను.

మధురవాడ కోడలు:
నిన్న రాత్రి ఇవన్నీ మా ఆయనకి చదివి వినిపించాను. ఆయనే వెళ్ళి అత్తయ్యతో మాట్లాడారు. ఆయా అనే మాట ఎత్తలేదు. పదింటి నుంచి నాలుగు దాకా ఒక మనిషి వస్తుంది, వంట, పాప బట్టలు ఆమెవి, మీరు భోంచేసి పడుకునేదాకా పాప ఆమె దగ్గర ఉంటుంది అన్నారు. అత్తయ్య చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "స్నానం మాత్రం నేనే పోస్తాను" అన్నారు.

ఇంకో చిక్కు మిగిలింది. కార్తీకం దాటితే మా ఊళ్ళో వరి కోతలు. మామయ్య వెళ్ళక తప్పదు, మనసంతా అక్కడే ఉంది ఆయనకి. అప్పుడు అత్తయ్య ఒక్కరే ఉంటారు. మా అమ్మని ఆ నెల రమ్మందామా, లేక అత్తయ్యని కూడా మామయ్యతో పంపించి అమ్మని పిలుద్దామా?

ఎంవీపీ కాలనీ తాతయ్య:
పంపించాలా ఉంచాలా అని మీరే తేల్చెయ్యకండమ్మా. ఇద్దర్నీ కూర్చోబెట్టి అడగండి. కోతలప్పుడు ఇంట్లో ఆడమనిషి లేకపోతే ఆ రైతు తిండీ తిప్పలూ ఎలా ఉంటాయో ఆవిడకి తెలుసు. వెళ్తానంటే వెళ్ళనివ్వండి, మళ్ళీ రమ్మని అప్పుడే బలవంతం చెయ్యకండి.

సీతమ్మధార నాన్నమ్మ:
మీ అమ్మగారిని మాత్రం వారం ముందే రప్పించు. వియ్యపురాళ్ళు ఇద్దరూ కొన్నాళ్ళు కలిసి ఉంటే పాప ఎప్పుడు పడుకుంటుంది, ఏం తింటుంది, ఏ పాటకి ఏడుపు ఆపుతుంది అన్నీ ఒకరికొకరు చెప్పుకుంటారు. నువ్వు ఆఫీసు నుంచి ఫోనులో చెప్పాల్సిన పని ఉండదు. పనిమనిషిని మాత్రం పదికి కాకుండా తొమ్మిదికే రమ్మను. స్నానం పోశాక తడి పీట మీంచి బిడ్డతో లేచేటప్పుడు పక్కన ఒక చెయ్యి ఉండాలి.