ఎథిక్స్ కమిటీ లేని కాలేజీ నుంచి ఐసీఎంఆర్ గ్రాంట్‌కి అప్లై చేయొచ్చా? (వైజాగ్)

సాగరతీరం_టీచర్:
అందరికీ నమస్తే. వైజాగ్‌లో ఒక డిగ్రీ కాలేజీలో న్యూట్రిషన్ చెప్తాను. జాలారిపేట, ఫిషింగ్ హార్బర్ వైపు ఎండుచేపలు అమ్మే ఆడవాళ్లలో ఉప్పు వాడకం, బీపీ గురించి ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) గ్రాంట్ కోసం ఒక ప్రాజెక్టు రాస్తున్నాం. మా దగ్గర ఎథిక్స్ కమిటీ (మనుషుల మీద చేసే రీసెర్చ్‌ని చూసి అనుమతిచ్చే కమిటీ) లేదు. కులపెద్దల దగ్గర లెటర్ తెచ్చుకుని సర్వే మొదలుపెట్టేయండి, క్లియరెన్స్ సంగతి డబ్బులొచ్చాక చూద్దాం అంటున్నారు పైవాళ్లు. నాకైతే మనసొప్పట్లేదు. సర్వేకొచ్చే ఎమ్మెస్సీ పిల్లలకి ట్రైనింగ్ ఎక్కడ ఇప్పించాలో కూడా చెప్పండి ప్లీజ్.

కమ్యూనిటీ_మెడిసిన్:
మేడమ్, ముందు సర్వే ఆపించండి. డేటా తీసేశాక ఏ కమిటీ దగ్గరికెళ్లినా అనుమతి రాదు, ఆ డేటా ఇక ఎందుకూ పనికిరాదు. కమిటీ లేకపోతే వేరే సంస్థ కమిటీతో ఎంఓయూ (రాతపూర్వక ఒప్పందం) చేసుకుని ప్రాజెక్టుని వాళ్ల దగ్గర పెట్టుకోవచ్చు, ఐసీఎంఆర్ 2017 గైడ్‌లైన్స్‌లోనే ఉంది. సిటీలో మెడికల్ కాలేజీలు ఉన్నాయి కదా, వాళ్ల మెంబర్ సెక్రటరీని కలవండి. సొంతంగా పెట్టుకోవాలంటే 7 నుంచి 15 మంది సభ్యులు, చైర్‌పర్సన్ బయటి మనిషి, పైగా 2019 కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ రూల్స్ ప్రకారం రిజిస్ట్రేషన్, ఈ గ్రాంట్ టైమ్‌కి అది అందదు. ట్రైనింగ్‌కి చెన్నైలో ఐసీఎంఆర్ సంస్థే అయిన ఎన్ఐఈ వాళ్ల బేసిక్ కోర్స్ ఇన్ బయోమెడికల్ రీసెర్చ్ ఆన్‌లైన్‌లో ఉంది, మంచి కోర్సు.

పాత_రీసెర్చర్:
పెద్దల లెటర్ ఊళ్లోకి వెళ్లడానికి మాత్రమే, మనిషి ఒప్పుకోవడం వేరే. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో గిరిజన ఆడపిల్లలకి హెచ్‌పీవీ టీకా (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసేది) వేసిన ప్రాజెక్టు గుర్తుందా, చాలామందికి తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లే సంతకాలు పెట్టేశారు. 2010లో ఆపేశారు, 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం గట్టిగా తప్పుపట్టింది. టీకా వేసిన పిల్లల్లో కొందరు చనిపోయారు, ఆ మరణాలకి టీకాతో సంబంధం లేకపోవచ్చనే విచారణ కమిటీ చెప్పింది, అయినా ఆ సంతకాల తప్పు తప్పే. మీ పిల్లలకి ట్రైనింగ్‌లో ముందు ఇదే చెప్పండి, సర్టిఫికెట్ తర్వాత.

హార్బర్_అమ్మాయి:
మాది జాలారిపేటే మేడమ్. పొద్దున్నే వేలంపాట టైమ్‌లో రాకండి, ఆ టైమ్‌లో ఆపి ఫారం చేతిలో పెడితే మా వాళ్లు మొహమాటానికి వేలిముద్ర వేసేస్తారు, అది ఒప్పుకున్నట్టు కాదు. మధ్యాహ్నం ఇళ్ల దగ్గరికి రండి. ఫారం కూడా పుస్తకాల తెలుగులో కాకుండా మేం మాట్లాడుకునేలా రాసి చదివి వినిపించండి, వద్దంటే ఏమీ కాదని రెండుసార్లు చెప్పండి. ఇంకోటి, బీపీ ఎక్కువుందని తేలిన మనిషిని అలాగే వదిలేసి వెళ్లిపోవద్దు, ఎక్కడ చూపించుకోవాలో రాసిచ్చి పంపండి.

కమ్యూనిటీ_మెడిసిన్:
ఆమె చెప్పింది అక్షరాలా నిజం. బడ్జెట్‌లోనే ఇవి పెట్టేయండి, పోయిన కూలికి పరిహారం, కేజీహెచ్ ఆసుపత్రికి వెళ్లే ఆటో ఖర్చు, ఫారాల ప్రింటింగ్, ట్రైనింగ్ ఫీజు, తర్వాత అడిగితే బడ్జెట్ హెడ్ (ఖర్చు పద్దు) మార్చడానికి ప్రాణం పోతుంది. పరిహారం ఎంతన్నది కూడా కమిటీ చూస్తుంది, మరీ ఎక్కువైతే ఆశ చూపినట్టవుతుంది.

సాగరతీరం_టీచర్:
చాలా థాంక్స్ అండీ, ఎంఓయూ సంగతి ప్రిన్సిపాల్ గారితో మాట్లాడతాను. చదువురాని వాళ్లు వేలిముద్ర వేసేటప్పుడు సాక్షిగా మా స్టూడెంట్‌నే పెట్టొచ్చా?

కమ్యూనిటీ_మెడిసిన్:
కుదరదు మేడమ్, మీ టీమ్‌తో సంబంధం లేని మనిషి ఉండాలి. చదవడం వచ్చిన పక్కింటావిడైనా సరే, ఆమె మొత్తం విని సంతకం పెట్టాలి.