ఫుట్‌బాల్ జంటల పుస్తకంలా చదివించే 1453 కాన్‌స్టాంటినోపుల్ ముట్టడి చరిత్ర ఏదైనా ఉందా?

ఫుట్‌బాల్ జట్లను కలిసి నడిపిన మేనేజర్ జంటల మీద రాసిన పుస్తకాలు ఇష్టంగా చదువుతాను. ముఖ్యంగా ఇంగ్లిష్ మేనేజర్ బ్రయాన్ క్లఫ్, ఆయన సహాయకుడు పీటర్ టేలర్ల కథ: 1972లో డర్బీ కౌంటీకి లీగ్ టైటిల్, 1979, 1980లో నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌కి యూరోపియన్ కప్పులు. ఆటగాళ్లను పసిగట్టడంలో టేలర్ దిట్ట, వాళ్లచేత ఆడించడంలో క్లఫ్. ఎవరి పని ఎక్కడ ఆగిందో విడదీసి చూపిస్తేనే నాకు మజా.

ఇప్పుడు 1453 కాన్‌స్టాంటినోపుల్ (నేటి ఇస్తాంబుల్) ముట్టడి మీద అలాంటిదే కావాలి. అక్కడా ఒక జంట ఉంది: నగరాన్ని కాపాడిన బైజాంటైన్ చక్రవర్తి 11వ కాన్‌స్టంటైన్, ఆయన పక్షాన పోరాడిన జెనోవా సేనాని జుస్తినియాని. పగలు ఫిరంగులు కూల్చిన గోడను రాత్రికి రాత్రే కట్టెలతో, మట్టి నింపిన పీపాలతో పూడ్చేవారు. మే 29న జుస్తినియాని గాయపడి వెళ్లిపోగానే రక్షణ చెదిరిపోయింది. వీళ్లిద్దరి మధ్య నిర్ణయాలు ఎలా జరిగాయన్నదే నాకు ఆసక్తి.

లైబ్రరీ కేటలాగ్‌లో, ఆన్‌లైన్ షాపుల్లో వెతికాను. దొరికినవన్నీ ముట్టడించిన ఒట్టోమాన్ సుల్తాన్ రెండో మెహ్మద్ చుట్టూ, ఆయన పెద్ద ఫిరంగి చుట్టూ తిరుగుతున్నాయి (ఆ ఫిరంగి గొప్పదే, కాదనను). ఒకటి సగం ఫుట్‌నోట్లే. ఇంకొకటి చరిత్ర అనుకుని తెరిస్తే నవల.

తెలుగైనా ఇంగ్లీషైనా ఫర్వాలేదు. 400 పేజీలు దాటకూడదు, గోడల మ్యాపు తప్పనిసరి, కల్పిత సంభాషణలు వద్దు.

కాన్‌స్టంటైన్, జుస్తినియానిల జోడీని మధ్యలో పెట్టి ఈ ముట్టడిని చెప్పిన పుస్తకం మీరు చదివినవాటిలో ఏది?