అగ్నివీర్ జీడీ (జనరల్ డ్యూటీ) ఆర్మీ భర్తీ ర్యాలీ: 1.6 కి.మీ. 6:20 నిమిషాల్లో ఆగిపోయింది, బీమ్ (పుల్ అప్స్) 4 దగ్గరే ఉంది. పది వారాల్లో ఏం చేయాలి?

పల్నాడు_కుర్రోడు:
అన్నలూ, ఆన్‌లైన్ పరీక్ష పాసయ్యాను. ర్యాలీకి సుమారు పది వారాలుంది. ఎత్తు 168, బరువు 62. 1.6 కిలోమీటర్లు 6:20లో వస్తోంది, మూడో రౌండ్‌లో (రౌండ్ అంటే 400 మీటర్లు) కాళ్లు పట్టేస్తున్నాయి. పుల్ అప్స్ 4 దాటడం లేదు. మా ఊళ్లో ట్రాక్ లేదు, కాలువ గట్టు మీద పరిగెడుతున్నాను. రోజూ ఫుల్ స్పీడ్‌లో 1.6 కొడుతున్నా నెల నుంచీ టైమ్ కదలట్లేదు. తప్పెక్కడ?

నాలుగోరౌండ్:
తప్పు నీ ప్రశ్నలోనే ఉంది తమ్ముడూ. రోజూ ఫుల్ స్పీడ్‌లో 1.6 కొట్టడం అంటే రోజూ పరీక్ష రాయడం, చదవడం లేదు. కాళ్లు కోలుకునే టైమే ఇవ్వట్లేదు.

ముందు లెక్క చూడు. 2025 ర్యాలీల నుంచి పరుగుకు నాలుగు గ్రూపులు: 5:30 లోపు 60 మార్కులు, 5:45 లోపు 48, 6:00 లోపు 36, 6:15 లోపు 24. అంటే 15 సెకన్లకు 12 మార్కులు. నీ 6:20 అంటే రౌండ్‌కు 95 సెకన్లు. 5:45కి 86 రావాలి, 5:30కి 82న్నర. పది వారాల్లో 5:45 అందుతుంది. 5:30 దక్కితే సంతోషమే, కానీ ప్లాన్ మాత్రం 5:45కే వేసుకో.

వారానికి నాలుగు రోజులే పరుగు.

సోమవారం: 400 మీటర్లు 5 సార్లు, మధ్యలో 2 నిమిషాల నడక. మొదటి రెండు వారాలు ఒక్కోటి 90 సెకన్లలో. తర్వాత రెండేసి వారాలకు 2 సెకన్లు తగ్గించు: 88, 86, 84. ఐదోదీ మొదటిదీ ఒకే టైమ్‌లో రావాలి. రాలేదంటే మొదటిది అతిగా కొట్టావని.

బుధవారం: 5 కిలోమీటర్లు, పక్కవాడితో మాట్లాడగలిగేంత నెమ్మదిగా. ఇది చేతకానితనం అనుకుని అందరూ ఎగ్గొడతారు. మూడో రౌండ్‌లో ఊపిరి నిలబెట్టేది ఇదే.

శుక్రవారం: 800 మీటర్లు 3 సార్లు, 3:05తో మొదలుపెట్టి చివరికి 2:52కి తేవాలి. మధ్యలో 3 నిమిషాలు ఆగు.

ఆదివారం: 7 కిలోమీటర్లు నిదానంగా.

1.6 టైమింగ్ పదిహేను రోజులకోసారి చూస్తే చాలు, ఆ వారం శుక్రవారం బదులు అదే. చివరి వారం అంతా సగానికి తగ్గించు. చివరి మూడు రోజులు పది నిమిషాల జాగింగ్, 100 మీటర్ల స్ట్రైడ్స్ (ఫుల్ స్పీడ్ కాకుండా, చురుగ్గా సాగే పరుగులు) నాలుగు, అంతే.

గట్టు కొలవడానికి ఫోన్ జీపీఎస్‌ని నమ్మకు, చెట్ల కింద తేడా కొడుతుంది. సైకిల్ టైరు మీద సుద్దతో గీత పెట్టి, సరిగ్గా ఒక చుట్టు నడిపి, నేల మీద ఎంత దూరమొచ్చిందో టేపుతో కొలువు. 26 ఇంచుల చక్రమైతే 2.07 మీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. ఆ లెక్కన 400 మీటర్లకు 193 చుట్లు. చక్రం పుల్లకు (స్పోక్‌కు) ఎర్ర గుడ్డ కట్టుకుంటే లెక్క తప్పదు. రెండు చివర్లా రాయి పాతెయ్.

ర్యాలీ రోజు సంగతి. విజిల్ పడగానే గుంపంతా 200 మీటర్ల పందెంలా ఉరుకుతుంది. వాళ్లతో పోయి మొదటి రౌండ్ 72లో కొడితే మూడో రౌండ్‌లో కాళ్లు సీసం పోసినట్టవుతాయి. ఇప్పుడు నీకవుతున్నదీ అదే. 86, 87, 87, 85 ఇలా ఉండాలి. ఇంకోటి: మలుపుల్లో లోపలి గీత వదలకు. గీతకు ఒక మీటరు బయటగా పరిగెడితే రౌండ్‌కు 6 మీటర్ల పైచిలుకు అదనం, నాలుగు రౌండ్లకు 25 మీటర్లు. దాదాపు 5 సెకన్లు దండగ. ఎవరినైనా దాటాలంటే తిన్నని దారిలో దాటు, మలుపులో కాదు.

ఇనపకడ్డీ:
పరుగు గురించి పైన అన్న చెప్పింది సరే. నా లెక్కలో మాత్రం నీకు చవగ్గా దొరికే మార్కులు బీమ్ మీదున్నాయి. 6కి 16, 7కి 21, 8కి 27, 9కి 33, 10కి 40. ఆరుకు తక్కువైతే ఇంటికే. 6 నుంచి 10కి వెళ్తే 24 మార్కులు, అంటే పరుగులో 30 సెకన్లు తగ్గించినంత. పదోది ఒక్కటే 7 మార్కులు.

ముందు నీ 4 నిజంగా నాలుగేనా చూసుకో. చేతులు పూర్తిగా చాచి వేలాడాలి, గడ్డం కడ్డీ పైకి రావాలి, మళ్లీ మోచేతులు నిటారయ్యేదాకా దిగాలి. కాళ్లు ఊపి లేచినవి, సగం దిగి లేచినవి లెక్కలోకి రావు. అరచేతులు బయటికి ఉండే పట్టుతోనే ప్రాక్టీస్ చెయ్. మనవైపు తిప్పి పట్టుకుంటే సులువుగా రెండు ఎక్కువ వస్తాయి, అలవాటైతే అక్కడ దెబ్బతింటావ్.

నాలుగు వచ్చేవాడు రోజుకోసారి నాలుగు కొట్టి దిగితే ఆర్నెల్లైనా నాలుగే. రోజులో ఆరు సార్లు, గంట తేడాతో, రెండేసి కొట్టు. ఎప్పుడూ అలసిపోయేదాకా వద్దు. వారానికి ఐదు రోజులు. దాంతోపాటు వారానికి రెండు రోజులు దిగుడు: స్టూల్ ఎక్కి గడ్డం కడ్డీ పైన పెట్టుకుని, ఐదు అంకెలు లెక్కపెడుతూ నెమ్మదిగా దిగాలి. ఐదేసి చొప్పున మూడు సెట్లు. రెండు వారాలకోసారి మాక్స్ చూసి, అందులో సగం చొప్పున రోజువారీ సెట్ మార్చుకో.

ఐదో వారం నుంచి శుక్రవారం పరుగవగానే పది నిమిషాల్లో బీమ్ ఎక్కు. ర్యాలీలో పరుగయ్యాకే బీమ్. ఇంట్లో తీరిగ్గా 10 కొట్టేవాడు అక్కడ 7 దగ్గర జారిపోయేది అందుకే. కడ్డీ కూడా సన్న పైపు కాకుండా కాస్త లావుది చూసుకో, పట్టు బలపడుతుంది. అరచేతి కాయలు చిట్లితే వారం పోతుంది, స్నానమయ్యాక ప్యూమిస్ రాయితో రుద్దు.

పల్నాడు_కుర్రోడు:
చాలా థ్యాంక్స్ అన్నా. రెండు డౌట్లు. కందకం దూకడం, జిగ్‌జాగ్ (వంకర టింకర సన్న దుంగ మీద నడక) సంగతేంటి? మోకాలి కింద ముందు ఎముక లోపలి అంచున నొప్పి వస్తోంది, పరుగు ఆపాలా?

నాలుగోరౌండ్:
కందకం 9 అడుగులు, అంటే 2.74 మీటర్లు. మార్కుల్లేవు, దాటితే చాలు. దాటలేక కాదు, అంచు దగ్గర అడుగులు చిన్నవి చేసి గుంటలోకి చూడటం వల్ల పడతారు. కాస్త వెనక నుంచి పరుగు తీసి, ఒంటికాలితో ఎగిరి, చూపు అవతలి గట్టు మీద పెట్టు. ఇసుకలో 10 అడుగులకు గీత గీసి వారానికోసారి పది సార్లు దూకు. జిగ్‌జాగ్‌లో పాదాల్ని కాక రెండు గజాల ముందు చూడు, చేతులు చాచు, మలుపు దగ్గర ఒక్క క్షణం ఆగు. అక్కడ తొందరకు మార్కులేమీ రావు.

నొప్పి విషయం: బొటనవేలితో ఎముక వెంబడి నొక్కి చూడు. జానెడు పొడవునా సలుపుతుంటే, పరుగు మొదట్లో ఉండి వేడెక్కాక తగ్గుతుంటే, ఒక్కసారిగా పెంచిన పరుగు, అరిగిన బూట్లు, తారు రోడ్డు వల్ల అయి ఉంటుంది. వారం రోజులు పరుగు సగానికి తగ్గించి మట్టి మీదే పరిగెత్తు, మెట్టు అంచున మడమలు పైకెత్తి దించడం 15 చొప్పున మూడు సార్లు చెయ్. అలా కాకుండా ఒక్క చోటే, రూపాయి బిళ్లంత మేర, నొక్కితే ప్రాణం పోయేలా ఉండి, ఆ కాలి మీద గెంతలేకపోతే పరుగు ఆపి ఎముకల డాక్టర్‌కి చూపించు. సన్న పగులు ఉంటే దాని మీద పరిగెత్తడం వల్ల ర్యాలీయే పోతుంది.

ఇనపకడ్డీ:
ఒకటి మర్చిపోయాను. గ్రౌండ్ బయట స్టామినా ఇంజెక్షన్, మాత్ర అని అమ్మేవాళ్లుంటారు, ముట్టుకోవద్దు. దొరికితే అనర్హత, దొరక్కపోయినా గుండెకు ప్రమాదం. చాలాసార్లు తెల్లవారకముందే లైన్‌లో నిలబెడతారు. రాత్రి పెందలాడే అన్నం, పెరుగు తిను, పరుగుకు గంట ముందు అరటిపండు, గ్లాసు నీళ్లు. బూట్లు పాతవే వేసుకో. చెవిలో గుబిలి ఉంటే ఇప్పుడే డాక్టర్ దగ్గర తీయించుకో, మెడికల్‌లో దానికీ ఆపుతారు.

పల్నాడు_కుర్రోడు:
నొక్కి చూశా అన్నా, జానెడు పొడవునా ఉంది, గెంతగలుగుతున్నా. రేపు సైకిల్‌తో గట్టు కొలుస్తా.